14 అడుగుల పడవ, 4 మీటర్ల లోతు: రీఫ్ చేపల వేటలో నా అనుభవం

మొదటి రోజు లెక్క ముందే చెప్పేస్తా. పొద్దున 6 నుంచి 11 దాకా సముద్రం మీద ఉన్నాం, నీళ్ళకి ఇచ్చేసి వచ్చినవి 11 గాలాలు, 9 సీసపు గుండ్లు, ఒక జిగ్ (చేపలా కనబడే లోహపు ఎర), ఒక లంగరు, దాంతో పాటు సగం తాడు. పడవలోకి ఎక్కింది మాత్రం అరచేయంత ట్రిగ్గర్ ఫిష్ ఒకే ఒక్కటి, దాన్ని గాలం నుంచి తీస్తుంటే నా బొటనవేలు కొరకబోయింది. అవి గుల్లల్ని పగలగొట్టుకుని తినే పళ్ళని నాకప్పటికి తెలీదు.

చెరువుల్లో కాలవల్లో గాలం వేసి పెరిగినోణ్ణి, కాబట్టి చేప పట్టడం వచ్చు అనే ధైర్యం ఉంది. పడవ మా అక్క వాళ్ళాయనది, 14 అడుగుల ఫైబర్ పడవ, వెనక 15 హార్స్ పవర్ ఇంజను. బావకి పడవ నడపడం బానే వచ్చు గానీ గాలం వేట నాలాగే అంతంత మాత్రం. ఒడ్డు నుంచి పది నిమిషాలు పోతే పగడపు రాయి, అదే రీఫ్, మొదలవుతుంది, నీళ్ళు గాజులా ఉంటాయి, వంగి చూస్తే రంగురంగుల చేపలు తిరుగుతుంటాయి, లోతేమో 4 మీటర్లు, ఎక్కడన్నా 6. ఇంత కళ్ళెదురుగా ఉన్న చేపని పట్టలేమా అనుకున్నాం. అక్కడే కొంప మునిగింది.

ఎందుకంటే కళ్ళకి కనబడే చేపల్లో సగం మన ఎర జోలికే రావు. చిలక చేపలు గుంపులు గుంపులుగా పోతుంటాయి, చూస్తే ఆశ పుడుతుంది, కానీ అవి రాయి మీద నాచు గీక్కుని తింటాయి, ఆ గీకుడులో పగడపు పొడి కూడా మింగేసి ఇసకగా వదిలేస్తాయి, మనం గుచ్చిన రొయ్య ముక్క వైపు కన్నెత్తి చూడవు. ఎర కోసం ఎగబడేవి ట్రిగ్గర్లూ, ఇంకా చిన్నా చితకా చేపలూ, అవి చిన్న నోళ్ళతో కొరికి కొరికి ముల్లు ఖాళీ చేసి పోతాయి. ఇక మనం దేనికోసం వచ్చామో ఆ గ్రూపర్, స్నాపర్, ఎంపరర్ లాంటివి రాయి కింద నీడలోనో అంచు అవతల నీలం నీళ్ళలోనో ఉంటాయి, కనబడవు.

తక్కువ లోతులో అసలు చిక్కేంటంటే చేపకి ఇల్లు మరీ దగ్గర. గ్రూపర్ వెంటపడి తినే రకం కాదు, బొరియ గుమ్మంలో కూచుని ఉంటుంది, ఎర దగ్గరికొస్తే నోరు ఒక్కసారిగా బార్లా తెరిచి నీళ్ళతో సహా లోపలికి పీల్చేసుకుని అదే ఊపులో వెనక్కి తిరిగి బొరియలో దూరుతుంది. మన చేతికి టక్ మని తెలిసేసరికి అది ఇంట్లో ఉంటుంది. దూరాక మొప్పల మూతలూ రెక్కల ముళ్ళూ విప్పేసి రాయికి బిగుసుకుపోతుంది, పైనుంచి ఎంత గుంజినా రాదు, లైన్ రాయికి రాసుకుని తెగుతుంది. చెరువులో చేపని కాసేపు తిప్పి తిప్పి అలసిపోయాక తెచ్చుకుంటాం కదా, ఇక్కడ ఆ తిప్పడాలు లేవు, మొదటి రెండు సెకన్లలో అటో ఇటో అయిపోవాలి.

లంగరు కథ కూడా ఆ రోజుదే. ఎక్కడ చేపలు కనిపించాయో సరిగ్గా అక్కడే, రాయి నడినెత్తిన పడేశాం. పగడం ప్రాణమున్నది, చాలా రకాలు ఏడాదికి ఒకట్రెండు సెంటీమీటర్లు కూడా పెరగవు, లంగరు ఒక్కసారి ఈడ్చిందంటే ఏళ్ళ తరబడి పెరిగింది పొడైపోతుంది, చాలా చోట్ల పగడం మీద లంగరు వేయకూడదని రూలే ఉంది. మాకు ఆ సంగతీ తెలీదు, పట్టుకుంటే రాదనే సంగతీ తెలీదు. వెళ్ళే టైముకి లాగితే రాలేదు, ఇద్దరం లాగినా రాలేదు, అప్పుడు మేం చేసిన పని ఎవరూ చేయకండి, తాడు తెచ్చి పడవ వెనక్కి కట్టి ఇంజనుతో లాగాం. వెనక అసలే ఇంజను బరువు, దానికి తోడు తాడు కిందకి గుంజుతోంది, చిన్న అల ఒకటి వెనక నుంచి వచ్చి తాపీగా లోపలికి ఎక్కేసింది, చీలమండల దాకా నీళ్ళు. "కొయ్యరా, ముందు కొయ్యరా" అని బావ అరుపు, నాకు కత్తి ఎక్కడుందో తెలీదు, ఎర డబ్బా కింద ఉంది. ఆ రోజు నుంచి కత్తి ముందు బల్లకి తాడుతో కట్టే ఉంటుంది.

ఇంటికొచ్చాక రెండ్రోజులు మాట్లాడుకోలేదు మేము. తర్వాత మళ్ళీ వెళ్ళాం, ఈసారి గాలాలు వేయకుండా ఊరికే చూడ్డానికి.

ఇది నా ఐడియానే, గొప్ప కోసం చెప్పట్లేదు, ఒక పూట పోగొట్టుకుని చూసింది తర్వాత ఏడాది పనికొచ్చింది. నీళ్ళ మీద మెరుపుని తగ్గించే పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకుని, సూర్యుడు బాగా పైకి వచ్చాక, ఎండ మన వీపు వైపు ఉండేలా పడవని నెమ్మదిగా పోనిస్తే నీళ్ళు పుస్తకంలా చదవొచ్చు. గోధుమరంగు మచ్చ అంటే రాయి పైకొచ్చింది, ఇంజను ఫ్యాను తగులుద్ది జాగ్రత్త. లేత ఆకుపచ్చ అంటే కింద ఇసక. ఆకుపచ్చ కాస్తా నీలానికి మారే గీత ఉంటుంది చూడండి, అక్కడ రాయి నిలువుగా దిగిపోతుంది, మనకి కావాల్సింది ఆ గీత. ఎండకి ఎదురుగా పోతే మాత్రం అంతా వెండి రేకే, ఏమీ తెలీదు, అందుకే పొద్దున్నే తూర్పు వైపుకి పోవాల్సొస్తే ఇప్పటికీ గుండె దడే. చూసిన మచ్చలన్నీ ఫోన్ జీపీఎస్‌లో పెట్టుకున్నా, ఒక్కోదానికి పేరు, "బల్ల రాయి", "రెండు కొమ్ములు", "లంగరు తిన్నది" అని.

నీళ్ళ లాగుడు, అంటే పోటుకి నీళ్ళు పారే జోరు, దాని సంగతి అర్థం కావడానికి ఇంకో నాలుగు ట్రిప్పులు పట్టింది. ఒకరోజు రెండు గంటలు ఎర కదల్లేదు, ట్రిగ్గర్లు కూడా రాలేదు, చచ్చిన నీళ్ళు, తర్వాత ఉన్నట్టుండి తాడు బిగుసుకుంది, పడవ మొహం తిప్పుకుంది, ఇరవై నిమిషాల్లో మూడు ఎంపరర్లు. అప్పుడు కూచుని పోటు పట్టిక తీసి చూశా. రోజుకి రెండు పోట్లు వచ్చే చోట ఒక పోటు ఎక్కడానికి సుమారు 6 గంటలు పడుతుంది, కానీ నీళ్ళు సమానంగా ఎక్కవు, మొత్తాన్ని 12 భాగాలు చేస్తే మొదటి గంటలో 1 భాగం, రెండో గంటలో 2, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదులో 2, ఆరులో మళ్ళీ 1. ఉజ్జాయింపు లెక్కే, చోటుని బట్టి మారుతుంది. అంటే మధ్యలో లాగుడు జోరు మీద ఉంటుంది, రెండు చివరలా దాదాపు ఆగిపోతుంది. అమావాస్య పౌర్ణమి దగ్గర ఆ జోరు మా చిన్న పడవకి ఎక్కువైపోతుంది, గుండు కిందకి దిగే లోపే ఎక్కడికో కొట్టుకుపోతుంది, అష్టమి చుట్టుపక్కల రోజులు నాకు హాయి. ఇంకోటి, పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు లేటవుతుంది, కాబట్టి "ఆదివారం పొద్దున ఆరింటికి పోదాం" అనే ప్లాను మనకి సెలవు చూసుకుని వేసింది, సముద్రానికి దాంతో పన్లేదు. బావకి ఈ ముక్క ఎక్కించడానికి చాలా కష్టపడ్డా.

లాగుడు వచ్చినప్పుడు రాయికి ఎదురు నీళ్ళు కొట్టే వైపు చిన్న చేపలు మబ్బులా పైకి లేస్తాయి, నీళ్ళతో కొట్టుకొచ్చే ప్లాంక్టన్ అనే చిన్న చిన్న జీవుల్ని తినడానికి. ఆ మబ్బు కింద పెద్దవి మొహం నీళ్ళకి ఎదురుగా పెట్టుకుని నిలబడతాయి. మేమేమో అన్నాళ్ళూ రాయికి చాటు వైపు, పడవ ఊగకుండా నెమ్మదిగా ఉంటుందని, సుఖంగా కూచుని వేశాం.

ఇప్పుడు మేం చేసేది ఇది. రాయి దాటి ఎదురు నీళ్ళలోకి పోయి, ఇసక చూసుకుని అక్కడ లంగరు దించి, తాడు వదులుతూ వెనక్కి జారి, రాయి అంచుకి 15, 20 మీటర్ల దూరంలో ఆగుతాం. లోతు 4 మీటర్లే కదా అని 6 మీటర్ల తాడు వదిలితే లంగరు కరవదు, లోతుకి ఐదింతలు తక్కువ కాకుండా వదలాలి, పడవ ముక్కు నీళ్ళకి ఎంత ఎత్తులో ఉందో అది కూడా లోతులో కలుపుకోవాలి. అక్కణ్ణుంచి అంచు వైపుకి విసిరితే ఎర నీళ్ళతో పాటు సహజంగా చేప మొహం మీదకే పోతుంది, చేప పట్టగానే మనం లాగేది రాయి మీద నుంచి ఇసక వైపుకి. పాత పద్ధతిలో నిట్టనిలువుగా పైకి లాగేవాళ్ళం, అది చేపకి అనుకూలం, కింద చుట్టూ బొరియలే. దీంట్లో ప్రమాదం కూడా ఉంది, లంగరు జారితే పడవ నేరుగా రాయి మీదకే పోతుంది, అందుకని ఇద్దరిలో ఒకరి కన్ను ఎప్పుడూ ఒడ్డు మీద ఏదో ఒక గుర్తు మీద ఉండాలి.

కొత్త లంగరుకి చిన్న ఉపాయం చేశాం, గొలుసుని లంగరు పై రింగుకి కాకుండా కింద మొదలుకి కట్టి, పై రింగు దగ్గర సన్నటి ప్లాస్టిక్ జిప్ టైతో ఆనించాం. మామూలుగా పైనుంచే లాగుతుంది, ఎక్కడన్నా ఇరుక్కుంటే పడవని దాని మీదకి తెచ్చి ముందు వైపు నుంచే గట్టిగా గుంజితే జిప్ టై తెగి లంగరు మొదలు వైపు నుంచి తిరగబడి వచ్చేస్తుంది. మరీ పెద్ద అలలున్న చోట దీన్ని నమ్ముకోకూడదు, తెగకూడనప్పుడు తెగుతుంది. ఇప్పటికి రెండుసార్లు తెగింది, రెండుసార్లూ లంగరు ఇంటికొచ్చింది.

సామాను గురించి ఎక్కువ చెప్పను, ఎవరి పిచ్చి వారిది. నాకు పనిచేసింది చెప్తా. పొట్టి గట్టి రాడ్, 50 పౌండ్ల బరువు దాకా ఆపే బ్రెయిడ్ లైన్ (సన్న పోగులు అల్లింది), దానికి 60 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (గాలానికి ముందు కట్టే గట్టి లైన్ ముక్క) రెండు మీటర్లు. బ్రెయిడ్ సన్నగా ఉండి సాగదు, చేప ముట్టింది వెంటనే తెలుస్తుంది, కానీ రాయికి ఒక్క రాపిడి తగిలితే బూడిదే, అందుకే ఆ చివర లీడర్. రెండింటినీ కలపడానికి ఎఫ్‌జీ ముడి నేర్చుకున్నా, ఇంట్లో కుర్చీ కాలుకి కట్టుకుని మూడు సాయంత్రాలు, పడవ ఊగుతుంటే అది వేయడం ఇప్పటికీ నా వల్ల కాదు, కాబట్టి ఇంట్లోనే నాలుగు స్పూళ్ళకి కట్టేసి తీసుకెళ్తా. గుండు మాత్రం ఎంత చిన్నదైతే అంత మంచిది. మొదట్లో పెద్ద గుండు వేసేవాణ్ణి, అది దబ్బున పోయి పగుళ్ళలో ఇరుక్కునేది, నేను పోగొట్టుకున్న సామానులో ముప్పాతిక వంతు చేపలు తెంపింది కాదు, ఈ గుండు వల్ల పోయిందే. ఇప్పుడు లైన్ మీద గాలం దాకా జారే చిన్న గుండు, ఎర ఆకు రాలినట్టు మెల్లగా దిగుతుంది, సగం సార్లు అడుగుకి చేరకముందే ఏదో ఒకటి అందుకుంటుంది.

సర్కిల్ హుక్ దగ్గర నాకూ బావకీ గొడవ. ఈ ముల్లు మొన లోపలికి తిరిగి ఉంటుంది, చూస్తే ఇదెలా గుచ్చుకుంటుందిరా అనిపిస్తుంది. చేప మింగి పక్కకి తిరిగి పోతుంటే ముల్లు జారుకుంటూ వచ్చి పెదవి మూలన దిగుతుంది. దీనికి ఒకటే షరతు, మనం కొట్టకూడదు. టక్ మనగానే రాడ్ పైకి కొట్టే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ చేతిలో ఉంది, మొదటి ఆరు చేపల నోట్లోంచి నేనే లాగేశా. రాడ్ చేప వైపే కిందకి చూపిస్తూ గబగబా చుట్టడమే పని, బరువు తగిలాక అప్పుడు లాగాలి. బావేమో "అంతసేపు ఆగితే అది బొరియలో పడుకుని నిద్రపోద్ది బామ్మర్దీ" అని మామూలు జె ముల్లే వేస్తాడు. అతనికి నాకన్నా రెండు చేపలు ఎక్కువే పడతాయి, ఒప్పుకుంటా. కానీ అతని చేపలు ముల్లు గొంతులోకి మింగేసి ఉంటాయి, చిన్నవి వదిలేద్దామన్నా రక్తం కారుతూ తేలుతాయి, నావి పెదవి నుంచి తీసి వదిలితే సర్రున పోతాయి. సైజుకి తక్కువున్న చేపని వదలాలనే రూలు ఉన్న చోట చచ్చిన చేపని వదిలి ఏం లాభం.

ఇక ఆ గ్రూపర్ రోజు. అష్టమి దాటిన మర్నాడు, పోటు ఎక్కడం మొదలై గంట అయింది, "రెండు కొమ్ములు" దగ్గర ఉన్నాం. ఎర దిగుతూ దిగుతూ ఆగింది, చుట్టా, రాడ్ వంగి వంగి హ్యాండిల్ దాకా వచ్చింది, డ్రాగ్ (రీల్ బ్రేకు) బిగించే ఉంది అయినా కర్రుమని అర మీటరు లాక్కుంది, ఆ అర మీటరే చాలు, ఆగిపోయింది. రాయి. లాగితే బండలా ఉంది, కొంచెం కూడా కదలిక లేదు. పాత నేనైతే చేతికి గుడ్డ చుట్టుకుని గుంజి తెంపుకునేవాణ్ణి. ఈసారి లైన్ పూర్తిగా వదులు చేసి రాడ్ పడవలో పెట్టేశా. ఎక్కడో విన్నా, లాగుడు ఆగిపోతే గ్రూపర్ ముప్పు పోయిందనుకుని బిగింపు సడలించి తనే బయటికి వస్తుందని. బావ నవ్వుతున్నాడు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు, నేను నీళ్ళు తాగుతున్నా, వదులుగా ఉన్న లైన్ మెల్లగా పక్కకి కదలడం మొదలెట్టింది. రాడ్ తీసి రెండు చుట్లు చుట్టి వెనక్కి వాలిపోయా. వచ్చేసింది. ఇసక మీదకి వచ్చాక దానికి ఇంక చేసేదేం లేదు, రెండు మూడు సార్లు తల ఆడించి పైకి వచ్చేసింది.

మోచేయి పొడవుకి కొంచెం ఎక్కువ, గోధుమరంగు మీద చుక్కలు. తడి గుడ్డతో పట్టుకున్నా, దాని మొప్ప మూత అంచు కత్తిలా ఉంటుంది, ఒకసారి స్నాపర్ దగ్గర తెగ్గోసుకున్నా. ఉంచుకుందామా వద్దా అని బావ చూస్తున్నాడు. గ్రూపర్లు చాలా రకాలు ఆడవిగా పుట్టి, పెద్దయ్యాక వాటిలో కొన్ని మగవిగా మారతాయి, అంటే గుంపులో పెద్దవన్నీ పట్టేస్తే మిగిలేది దాదాపు ఆడ చేపలే. ఒక చిన్న రాయి మీద అలాంటి పెద్దది ఎన్ని ఉంటాయి. దానికి తోడు పెద్ద రీఫ్ చేపలకి సిగ్వాటెరా అనే భయం ఒకటి, పగడం మీద నాచులో ఉండే సూక్ష్మజీవి విషం చిన్న చేపల నుంచి పెద్ద చేపలకి చేరి పోగవుతుంది, వాసన ఉండదు రుచి ఉండదు, ఉడికించినా గడ్డకట్టించినా పోదు. అన్ని చోట్లా ఉండదు గానీ ఉన్న చోట పెద్ద గ్రూపర్, బారాకుడా, మోరే ఈల్ లాంటివే ఎక్కువ అనుమానం. వదిలేశా. బావ ఏమీ అనలేదు, మర్నాడు అక్కకి మాత్రం "నీ తమ్ముడు దానధర్మాలు మొదలెట్టాడు" అని చెప్పాడంట.

తక్కువ లోతులో వదలడం తేలిక. ఒకసారి అంచు అవతల 25 మీటర్లలో వేస్తే పైకొచ్చిన స్నాపర్ కళ్ళు ఉబ్బి, నోట్లోంచి గులాబీ బుడగ ఒకటి బయటికొచ్చి ఉంది. ప్రతి 10 మీటర్లకి ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది కదా, పైకి తెచ్చేసరికి ఒత్తిడి తగ్గి లోపల గాలి తిత్తి ఉబ్బిపోతుంది. ఆ బుడగని తిత్తి అనుకుని బావ ముల్లుతో గుచ్చబోయాడు, అది తిత్తి కాదు, బయటికి తోసుకొచ్చిన కడుపు, గుచ్చితే చేప పని అయిపోయినట్టే. బరువు కట్టి మళ్ళీ కిందకి దించి వదలాలి, దానికి కీలు లాంటి క్లిప్పులు వస్తాయి. మా దగ్గర లేవు ఆ రోజు. ఆ తర్వాత అంత లోతుకి పోవడం మానేశాం.

చెప్పడం మర్చిపోయా, రాయి బయటి అంచు దగ్గర సముద్రం మోసం చేస్తుంది. పది నిమిషాలు నున్నగా ఉంటుంది, తర్వాత ఎక్కడో దూరంగా పుట్టిన పొడవాటి అల ఒకటి వచ్చి తక్కువ లోతు తగలగానే నిలువుగా లేచి విరుగుతుంది. మాకు ఒకసారి పది మీటర్ల దూరంలో విరిగింది. ఇప్పుడు కొత్త చోటుకి పోతే కనీసం పావుగంట దూరంగా ఆగి చూసి అప్పుడే దగ్గరికి పోతాం, లైఫ్ జాకెట్ వేసుకునే ఉంటాం, ఇంజను ఆపే తాడు నడిపేవాడి ఒంటికి తగిలించే ఉంటుంది, ఎటు పోతున్నాం ఎప్పటికి వస్తాం అన్నది అక్కకి చెప్పే బయల్దేరతాం.

ఇప్పటి లెక్క చెప్పాలంటే, పోయిన ట్రిప్పులో పోయినవి రెండు గాలాలు, ఒక చిన్న గుండు. వచ్చినవి ఐదు, మూడు వదిలేశాం. ఆ రెండు గాలాలూ "బల్ల రాయి" దగ్గరే పోయాయి. అక్కడ ఏదో ఉంది, ఇప్పటికి మూడు ట్రిప్పుల్లో నాలుగుసార్లు పట్టింది, నాలుగుసార్లూ తెంపింది, మొహం కూడా చూపించలేదు, లైన్ వదులు చేసి పావుగంట కూచున్నా బయటికి రాలేదు. బావ 80 పౌండ్ల లీడర్ వేద్దాం అంటాడు, అంత లావు లైన్ ఈ గాజు నీళ్ళలో చూస్తే అసలు ముట్టదని నేనంటాను. వచ్చే అష్టమికి చెరోటీ వేస్తున్నాం.